నైరుతి మూల నీళ్ళు

మా అత్తగారు పోయారు. ఆసుపత్రి నుంచి మా ఆయన ఫోన్ చేసి చెప్పేటప్పటికి నేను వన్-నార్త్‌లో మా ఆఫీసు లిఫ్ట్ ముందు నిలబడి ఉన్నాను. "అమ్మ వెళ్ళిపోయింది" అన్నారు, అంతే. పొద్దున్నే కాఫీ తాగి, అందులో పంచదార లేదని నర్సుతో చేతి సైగలతోనే పోట్లాడి, అటు తిరిగి పడుకున్నారట. ఆ నిద్రలోనే పోయారు. ఆవిడ గుండె బలహీనంగా ఉందని డాక్టర్లు మాకు ఎప్పుడో చెప్పారు. ఈ ఇల్లు కొనకముందే, చోవా చూ కాంగ్ ఫ్లాట్‌లో ఉన్నప్పుడే చెప్పారు. ఈ మాట పాఠకులు కాస్త గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే మా ఇంట్లో ఎవరూ గుర్తుపెట్టుకోలేదు.

ఆయన ఆ వార్తని కుటుంబం వాట్సప్ గ్రూపులో పెట్టారు. నేను టాక్సీలో ఆసుపత్రికి వెళ్తూ ఫోన్ తెరిచాను. మొదటి జవాబు హైదరాబాద్ నుంచి మా వదినది, అంటే మా ఆయన అక్కగారిది. "అమ్మా" అని ఒక్క ముక్క. దాని కిందే ఇంకొకటి: "ఆ గొయ్యి పూడ్చమని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఎవరు విన్నారు?"

ఆ రెండో ముక్క చదివిన దగ్గర్నుంచి నాకు ఏడుపు రావాల్సిన చోటల్లా కోపం వస్తోంది. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు మనసు చల్లగా ఉంచుకోవాలంటారు. నాకు చేతకావడం లేదు. అయినా మా అత్తగారు బతికుంటే నన్ను రాయమనే అనేవారు. నాది వరంగల్ వైపు, చెరువుల దేశం. ఆవిడది గోదావరి జిల్లా, కాలవల దేశం. పెళ్ళయిన కొత్తలో నేను ఏదైనా మనసులో పెట్టుకుని ముభావంగా తిరుగుతుంటే, "నిలవ నీళ్ళ మనిషివి నువ్వు, అంతా లోపలే దాస్తావు. అనెయ్యమ్మాయ్, పోతుంది" అనేవారు. అందుకని అనేస్తున్నాను.

ఆవిడ పుట్టింది కాలవ గట్టు మీద. వాళ్ళ నాన్నగారు లాకుల దగ్గర పనిచేసేవారు. కాలవకి అడ్డంగా ఉండే ఆ పెద్ద తలుపులు ఎత్తి నీళ్ళు వదలడం, దించి ఆపడం ఆయన ఉద్యోగం. ఇల్లు ఆ పక్కనే. తలుపుల సందుల్లోంచి నీళ్ళు దూకే చప్పుడు ఇంట్లో ఎప్పుడూ వినిపిస్తూనే ఉండేదట. వేసవిలో మరమ్మతుల కోసం కాలవలు కట్టేసినప్పుడు ఆ చప్పుడు ఆగిపోయి ఇంటిల్లిపాదికీ నిద్ర కరువయ్యేదట. ఆ రోజుల నుంచి ఆవిడకి ఒక సొంత మాట మిగిలింది. ఎవరింటికైనా వెళ్ళినప్పుడు అక్కడ మొగుడూ పెళ్ళాం మాటా పలుకూ లేకుండా చెరో ఫోనూ చూసుకుంటూ కూర్చుని ఉంటే, బయటికొచ్చి లిఫ్ట్ ఎక్కాక, "కాలవ కట్టేసిన ఇల్లులా ఉంది" అనేవారు.

మామగారు పోయాక ఆవిడ ఈ దేశానికి, మా దగ్గరికి వచ్చేశారు. పదో అంతస్తు ఫ్లాట్. గాలి బాగుంది, వెలుతురు బాగుంది, నిద్రే పట్టదు. బట్టలు ఉతికే వేళకి వాషింగ్ మెషీన్ పక్కన కుర్చీ వేసుకునేవారు. అందులోకి నీళ్ళు దిగుతున్నంతసేపూ కళ్ళు మూసుకుని ఉండి, దిగడం ఆగిపోగానే తెరిచేవారు. మా అమ్మాయి, "మామ్మా, ఇట్స్ జస్ట్ ద వాషింగ్ మెషీన్ లా" అని ఇక్కడి పిల్లల యాసలో అంటూ నవ్వేది. ఆవిడకి ఇంగ్లీషు రాదు, దానికి తెలుగు సగమే వచ్చు. అయినా పొద్దస్తమానం ఇద్దరూ వాదించుకుంటూనే ఉండేవారు.

ఇక్కడి సిటిజన్‌షిప్ తీసుకుని, ఫ్లాట్ అమ్మేసి, బిషాన్ దగ్గర ఒక పాత టెర్రస్ ఇల్లు చూశాం. ఒకదానికొకటి గోడలు ఆనుకుని వరసగా ఉండే ఇళ్ళలో ఒకటి. ముందు కారు పట్టేంత చోటు, వెనక చిన్న పెరడు. పెరటి మూల తుప్పు పట్టిన రేకొకటి నేల మీద పరిచి, దాని మీద ఇటుకలు పెట్టి ఉన్నాయి. ఇదివరకు అక్కడ చేపల కొలను ఉండేదనీ, ఇంటి పెద్దాయన పోయాక పిల్లలు పట్టించుకోలేదనీ, దోమల తనిఖీవాళ్ళకి భయపడి నీళ్ళు తోడేసి మూసేశారనీ ఏజెంటు చెప్పాడు. పూడ్చేసి బార్బెక్యూ పెట్టుకోవచ్చన్నాడు. మేము వంటిల్లు చూస్తున్నాం. అత్తగారు చేతికర్ర కొనతో ఆ రేకు అంచు ఎత్తి లోపలికి తొంగి చూశారు. కుళ్ళిన ఆకులు, నల్లటి బురద, మూతి విరిగిన పూలకుండీ. వెనక గోడకి ఆనించి రాళ్ళలా మెట్లు మెట్లుగా పోసిన సిమెంటు. అంటే నీళ్ళు పైనుంచి కిందికి దిగేవన్నమాట.

"ఇది నిలవ నీళ్ళది కాదురా నాన్నా, పారే నీళ్ళది" అన్నారు మా ఆయనతో. ఇంక ఇంట్లో ఒక్క గదిలోకీ తొంగి చూడలేదు. ఇల్లు ఎలా ఉందమ్మా అని ఆయన అడిగితే, "బానే ఉంది, కొనెయ్" అన్నారు.

గొడవ గృహప్రవేశం ముందే మొదలైంది. మా వదినకి నమ్మకమైన వాస్తు సిద్ధాంతి ఒకాయన ఉన్నారు. వీడియో కాల్‌లో ఇల్లంతా తిప్పి చూపించమన్నారు. దిక్సూచి పట్టుకుని ఆయన నిలబడమన్నచోటల్లా మా ఆయన నిలబడ్డారు. తీరా పెరట్లోకి వచ్చేసరికి ఆ కొలను సరిగ్గా నైరుతి మూల ఉంది. నైరుతి ఇంటి పెద్దల స్థానమనీ, ఇంట్లో అన్నిటికన్నా ఎత్తుగా, బరువుగా ఉండవలసిన చోటనీ, అక్కడ గొయ్యి ఉండి అందులో నీళ్ళు కూడా ఉంటే ఇంటి పెద్దకి అరిష్టమనీ చెప్పారాయన. చేరే లోపు పూడ్చేయమన్నారు. మా ఆయన మొహం పాలిపోయింది. ఆయన పగలంతా బ్యాంకులో ఎక్కడ నష్టం వస్తుందో లెక్కలు కట్టి చెప్పే మనిషి, అయినా పాలిపోయింది.

అత్తగారు ఫోన్ తన వైపు తిప్పుకున్నారు. "ఈ ఇంటికి పెద్దదాన్ని నేనే కదండీ. అరిష్టం వస్తే రానీండి, ముందు నీళ్ళు రానీండి" అన్నారు. మేం నవ్వాం. కాల్‌లోనే ఉన్న వదిన నవ్వలేదు. ఆ నవ్వులాట మాట తర్వాత ఎక్కడికి వచ్చి తగులుతుందో అప్పుడు మాకేం తెలుసు.

అత్తగారికి ఇలాంటివాటి మీద నమ్మకం లేదనుకుంటారేమో. వర్జ్యం చూడకుండా ప్రయాణం కట్టని మనిషి. శుక్రవారం నేను గోళ్ళు తీసుకుంటే ఇల్లు ఎగిరిపోయేలా అరిచేవారు. మరి దీన్నెందుకు లెక్కచేయలేదని ఒకసారి అడిగాను. బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండానే చెప్పారు: "మా నాన్న తలుపెత్తితే నీళ్ళు నాలుగు దిక్కుల ఊళ్ళకీ వెళ్ళేవమ్మా. నైరుతి ఊరివాళ్ళు మాకొద్దని ఎప్పుడూ వెనక్కి పంపలేదు."

కొలను బాగుచేయడం మాకు ఆదివారాల పని అయింది. ఆవిడ ఎత్తు తక్కువ ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని ఆజ్ఞలు వేసేవారు. నేనూ మా ఆయనా బురద బకెట్లతో ఎత్తిపోసేవాళ్ళం. ఆ కంపు చేతుల్లోంచి సోమవారం మీటింగులో కూడా పోయేది కాదు. బురదంతా పారబోయనివ్వలేదావిడ. ఎండబెట్టి కరివేపాకు కుండీల్లో వేయించారు, ఆ చెట్లు ఇప్పటికీ నా ఎత్తున ఉన్నాయి. గోడ అవతలి అంకుల్ చప్పుడు విని వచ్చి చూశాడు. తాతలనాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ తెలుగు కుటుంబం వాళ్ళది. ఓడరేవులో క్రేన్ నడిపి రిటైరయ్యాడు. ఆయన తెలుగులో సగం తమిళం, పైన కాస్త మలయ్ ఉంటుంది. "ఆ టౌకే ఉన్నప్పుడు ఈ నీళ్ళ సత్తం మా రూములోకి వచ్చేదమ్మా. ఆయన పోయినాక ఒక సత్తం లేదు" అన్నాడు. టౌకే అంటే యజమాని, సత్తం అంటే చప్పుడు. ఆ చైనీస్ పెద్దాయన కూడా తమ శాస్త్రం తెలిసిన మాస్టర్‌ని పిలిపించి, ఈ మూలే ఇంటికి కలిసొస్తుందని చెప్పించుకుని మరీ ఇక్కడ కట్టించాడట. ఒకే మూల, ఒకరికి అదృష్టం, ఇంకొకరికి అరిష్టం. అత్తగారు ఇది విని పడీ పడీ నవ్వారు. ఆ అదృష్టవంతుడు ఎన్నేళ్ళు బతికాడని అడిగారు. తొంభై దాటాడని అంకుల్ చెప్పాడు. ఆ మాటని వదినకి చెప్పమని ఆవిడ మా ఆయన వెంటపడ్డారు, ఆయన చెప్పలేదు.

శుభ్రం చేసి నీళ్ళు నింపితే తెల్లారేసరికి తగ్గిపోతున్నాయి. ఎక్కడో పగులుంది, కంటికి కనబడదు. నీళ్ళు ఎంతవరకూ ఉన్నాయో గోడ మీద గుర్తు పెట్టి, పొద్దున చూసి మళ్ళీ గుర్తు పెట్టుకుంటూ పోతే, ఎక్కడ దిగడం ఆగిపోతుందో ఆ ఎత్తులోనే పగులుంటుందన్నారు అత్తగారు. మొదట కుంకంతో పెట్టారు, అది కరిగిపోయింది. తర్వాత మనవరాలి ఎర్ర నెయిల్ పాలిష్ లాక్కున్నారు. మామూలుగా ఒక గీత గీస్తే సరిపోతుంది కదా. జన్మంతా గడపలకీ తులసికోటకీ బొట్లు పెట్టిన చెయ్యి, గీత గీయడానికి ఒప్పుకోలేదు. గుండ్రంగా, ముద్దుగా, రూపాయి బిళ్ళంత బొట్టు. రోజుకొకటి. కొలను లోపలి గోడ మీద పైనుంచి కిందికి ఎర్రటి బొట్ల వరస తయారైంది. చివరి బొట్టు దగ్గర నీళ్ళు నిలబడ్డాయి. మెట్ల రాళ్ళు గోడకి అతుక్కునే మూలలో, వెంట్రుక మందాన పగులు దొరికింది. అంకుల్ వచ్చి సిమెంటు పెట్టాడు. "పెళ్ళికూతుర్ని చేశారమ్మా దీన్ని" అన్నాడు ఆ బొట్లు చూసి.

మోటారు బిగించి స్విచ్చు వేసిన రోజు నాకు బాగా గుర్తు. మొదట గుడగుడమంది, కాస్త తుప్పు నీళ్ళు కక్కింది. ఆ తర్వాత పై రాయి మీద నీళ్ళు తెరలా పరుచుకుని, కింది రాయి మీదికి జారి, అక్కణ్ణుంచి కొలనులో పడ్డాయి. మా అమ్మాయి చప్పట్లు కొట్టబోతే ఆవిడ చెయ్యెత్తి ఆపారు. చాలాసేపు విన్నారు. తర్వాత మా ఆయనతో, "ఇక్కడే పడుకుంటాన్రా" అన్నారు. మడత కుర్చీ తెచ్చి వేశారాయన. పట్టపగలు, పక్కింట్లో టీవీ మోగుతుండగా, నోరు కొంచెం తెరుచుకుని ఆవిడ నిద్రపోయారు. మేం భోజనాలకి కూడా లేపలేదు. ఆవిడ మా దగ్గరికి వచ్చిన ఇన్నేళ్ళలో అంత ఒళ్ళు మరిచి నిద్రపోవడం నేను చూడలేదు.

చేపలు తెచ్చాం, నారింజ రంగువి, తెల్లవి, చిన్నవి. కొన్నాళ్ళకి గోడలకి పచ్చటి నాచు పట్టింది. మేమిద్దరం ఆఫీసుకి వెళ్ళాక అత్తగారు దాన్ని కుంకుడుకాయ గుజ్జు పెట్టి తోమేశారు. లిటిల్ ఇండియా నుంచి తెచ్చుకున్న కుంకుళ్ళు, తలంటికి కొట్టగా మిగిలినవి. తలకీ, వెండి గిన్నెలకీ, పట్టుచీరలకీ పనికొచ్చేది దీనికి పనికిరాదా అనుకున్నారు. సాయంత్రానికి చేపలన్నీ వెల్లకిలా తేలాయి. కుంకుడు నురగ చేపలకి విషమని మాలో ఎవరికీ తెలియదు. సబ్బు అయితే వాడేదాన్ని కాదు, ఇది చెట్టు కాయే కదా అని ఆవిడ మళ్ళీ మళ్ళీ అన్నారు. ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

మర్నాడు కాల్‌లో వదిన సంగతి విని, చూశావా, దోషం తన పని మొదలుపెట్టిందంది. ముందు మూగజీవాలతో మొదలవుతుందని సిద్ధాంతిగారు చెప్పారంది. అత్తగారు ఫోన్ దగ్గరగా తీసుకున్నారు. ఈసారి వేళాకోళం లేదు.

"ఒసేయ్, చంపింది నేను. తప్పు నాది, దిక్కుది కాదు. నా తప్పుని నాకు ఉండనీ" అన్నారు.

ఇన్నేళ్ళలో ఆవిడ నోట నేను చాలా మాటలు విన్నాను. కొన్ని నన్ను కోసేసినవి కూడా ఉన్నాయి, అబద్ధం చెప్పను. నా వంట మీద, నా పెంపకం మీద, నేను కొన్న సోఫా మీద. అయితే ఆవిడ మీద నాకున్న గౌరవమంతా ఆ ఒక్క మాట దగ్గర నిలబడి ఉంది. కొలనంతా తోడి, కడిగి, మళ్ళీ నింపారు. నీళ్ళలోని క్లోరిన్ పోయేదాకా ఆగారు. మళ్ళీ చేపలు తెచ్చాం. ఇవి బతికాయి.

వాటికి ఆవిడ చెప్పుల చప్పుడు తెలుసు. నీలం రంగు రబ్బరు చెప్పులు, కాలికి ఒక సైజు పెద్దవి. ఎడమ కాలు కొంచెం ఈడ్చి నడుస్తారు కనుక ఒక అడుగు టప్ అని, రెండోది జర్రుమని. వంటింటి వెనక తలుపు దగ్గర ఆ చెప్పులు తొడుక్కుని ఆవిడ రెండడుగులు వేస్తే చాలు, చేపలన్నీ గట్టు దగ్గరికి వచ్చి మూతులు తెరిచేవి. నేను వెళ్తే ఒక్కటీ వచ్చేది కాదు. మా అమ్మాయి ఒకసారి ఆ చెప్పులే వేసుకుని, కాలు ఈడ్చి, వాటిని మోసం చేసింది. ఆవిడ వాటికి గింజలు వేస్తూ పంక్తిలో పిల్లల్ని కసిరినట్టు కసిరేవారు, తోసుకోవద్దనీ అందరికీ వస్తుందనీ. గోడ మీంచి అంకుల్, "మకన్ టైమా అక్కా?" అని అడిగేవాడు. భోజనాల వేళయిందా అని అర్థం. "వీళ్ళదయింది, ఇంక మాది" అనేవారు.

ఆఖరుసారి ఆసుపత్రికి తీసుకెళ్ళేటప్పుడు ఆవిడ కారెక్కుతూ నా చెయ్యి పట్టుకున్నారు. "అందరూ ఆసుపత్రి చుట్టూ తిరుగుతూ మోటారు ఆపెయ్యకండమ్మాయ్. ఇల్లు కాలవ కట్టేసినట్టుంటుంది" అన్నారు. అది ఆవిడ నన్ను అడిగిన చివరి కోరిక. చెప్పుకోవడానికి ఇంతకన్నా పెద్ద కోరికేమీ లేదు.

వదిన వచ్చింది. ఎయిర్‌పోర్ట్ నుంచి తిన్నగా దహనానికి. ఆమెకూ పోయింది తల్లే, అది నేను మర్చిపోలేదు. ఆ నాలుగు రోజులూ ఆమెకి తిండి లేదు, నిద్ర లేదు. అస్థికలు కలపడానికి పడవలో సముద్రం మీదికి వెళ్ళాం. పడవవాడు ఒకచోట ఆపి ఇక్కడేనన్నాడు. మా ఆయన కుండ వదిలారు, పూలు తేలాయి. ఆ నీళ్ళు ఏ దిక్కున ఉన్నాయని అక్కడ ఎవరూ అడగలేదు.

పెద్దకర్మ అయిన మర్నాడు వదిన పెరట్లోకి వెళ్ళింది. వానలు లేక కొలనులో నీళ్ళు కొంచెం తగ్గి ఉన్నాయి. గోడ మీద ఎర్రటి బొట్లు కనబడ్డాయి. ఒక్క కేక పెట్టింది. మేం పరిగెత్తుకు వెళ్ళేసరికి గట్టు మీద కూలబడి ఉంది.

"అమ్మకి తెలుసురా. అమ్మకి భయం ఉంది. మీ ఇష్టాన్ని కాదనలేక, మీకు చెప్పకుండా ఒక్కతే బొట్లు పెట్టి శాంతి చేసుకుంది" అంది తమ్ముడితో.

ఆ మాటకి నా తల తిరిగిపోయింది. అవి నీళ్ళు ఎంత దిగాయో చూసుకోవడానికి పెట్టిన గుర్తులని చెప్పాను. పగులున్న చోటు చూపించాను, నీళ్ళ అడుగున దాని మీద పెట్టిన సిమెంటు చూపించాను. మా అమ్మాయి మేడ మీదికి వెళ్ళి ఆ నెయిల్ పాలిష్ సీసా తెచ్చి చేతికిచ్చింది. వదిన సీసాని అటూ ఇటూ తిప్పి చూసి, దేంతో పెడితే ఏం, బొట్టు బొట్టేగా అంది. మా అత్తగారు తన ఆఖరి రోజుల్లో ఒక పని సొంతంగా తలపెట్టి, ఇష్టంగా చేసి, నెగ్గారు. ఆ నెగ్గిన గుర్తులే ఆవిడ భయపడ్డారనడానికి సాక్ష్యం అయిపోయాయి. అరిష్టం వస్తే రానీండి అన్న ఆ నవ్వులాట మాట కూడా అప్పుడే బయటికి తీసింది వదిన. అమ్మే దాన్ని నోరారా పిలుచుకుందని ఏడ్చింది. గుండె జబ్బు సంగతి నేను ఎత్తితే, ఎంతమందికి లేదు గుండె జబ్బు, అందరూ పోతున్నారా అంది.

నేను ఊరుకోలేదు. తప్పు నాది, దిక్కుది కాదు అని ఆవిడ అన్న రోజు మీరూ కాల్‌లో ఉన్నారు కదా వదినా అని అడిగాను. ఆవిడ చావుని కూడా ఆవిడకి ఉండనివ్వండి అన్నాను. ఎన్నో ఏళ్ళ నుంచి చెరువులో నిలవ ఉన్నదంతా కట్ట తెగినట్టు వచ్చింది. మా ఆయన కొలను వైపు చూస్తూ నిలబడ్డారు. నా తరఫున ఒక్క మాట అనలేదు. నేను జన్మలో మర్చిపోనిది అదీ.

వదిన కళ్ళు తుడుచుకుని, చాలా మెల్లగా, నిజంగా ప్రేమగా అంది: "పెద్దావిడ వంతు అయిపోయింది. రేపు ఈ పిల్లకేమైనా అయితే?"

పక్కనే మా అమ్మాయి నెయిల్ పాలిష్ సీసా పట్టుకుని నిలబడి ఉంది. ఆ ప్రశ్నకి జవాబు ఉండదు. జవాబు ఉండదనే దాన్ని అడుగుతారు. దిక్కుల్ని నమ్మని నేను కూడా నా పిల్లని ఆ మూల నుంచి ఇవతలికి లాక్కున్నాను. చెయ్యి దానంతటదే లాగింది. వదిన అది చూసింది, మా ఆయనా చూశారు. ఇంక వాదన అక్కడితో అయిపోయింది.

కాంట్రాక్టర్‌కి ఫోన్ చేసింది మా ఆయనే. చేపల్ని అంకుల్ తీసుకున్నాడు. గోడ అవతల, మా పెరటికి ఆనుకుని, పెద్ద ఫైబర్ తొట్టి పెట్టి అందులో వేసుకున్నాడు. "ఎందుకమ్మా ఇది? అక్కకి ఎంత ఆశ" అన్నాడు. పనివాళ్ళు వచ్చి మోటారు తీసేశారు. రాళ్ళ మెట్లు పగలగొట్టి ఆ ముక్కలే లోపల పోశారు, పైన ఇసుక, దాని పైన కాంక్రీటు. బొట్లు ఒక్కొక్కటే కిందనుంచి పైకి కప్పబడిపోతుంటే వంటింటి కిటికీలోంచి చూస్తూ ఉన్నాను. అన్నిటికన్నా మొదట పెట్టిన బొట్టు అన్నిటికన్నా ఆఖర్న పోయింది. సిద్ధాంతిగారు చెప్పినట్టు ఆ మూల ఇప్పుడు ఎత్తుగా, బరువుగా ఉంది. పలకలు పరిచారు. వదిన నిశ్చింతగా విమానం ఎక్కింది. వెళ్ళేటప్పుడు నన్ను కావలించుకుని ఏడ్చింది, నేనూ ఏడ్చాను. అదేం నటన కాదు. కానీ నా లోపలిది కరగలేదు.

అత్తయ్యగారూ, మీరు నన్ను అడిగింది ఒక్కటే, మోటారు ఆపొద్దని. ఆగిపోయింది. ఇల్లు అచ్చం మీరన్నట్టే ఉంది. నేనూ మీ అబ్బాయీ చెరో ఫోనూ చూసుకుంటూ కూర్చుంటున్నాం.

ఆయన పెరట్లోకి వెళ్ళడం మానేశారు. ఏదో ఒక సాకు చెప్పి నన్నే పంపుతారు. మొన్న ఆదివారం నేను స్నానం చేసి వస్తుంటే చినుకులు మొదలయ్యాయి. వెదురు కర్ర మీద బట్టలు ఆరేసి ఉన్నాయి. నన్ను పిలిచి చూసి, నేను పలికేలోపే ఆయనే గబగబా వెనక తలుపు తీశారు. గడప దగ్గర ఉన్నవి ఆ నీలం చెప్పులే, ఇంకేవీ లేవు. కాళ్ళు దూర్చుకుని బయటికి నడిచారు. ఆయనకి ఆ చెప్పులు చిన్నవి, మడమలు బయటికి ఉండి కాళ్ళు ఈడ్చవలసి వచ్చింది.

గోడ అవతల తొట్టిలో ఒక్కసారిగా నీళ్ళు చెదిరాయి. చేపలన్నీ ఇటు వైపు అంచుకి వచ్చి కొట్టుకుంటున్న చప్పుడు.

ఆయన ఆగిపోయారు. చప్పుడూ ఆగింది. బట్టలు తీయలేదు, వెనక్కి తిరగలేదు. కొత్త పలకల మీద చినుకులు మచ్చలు మచ్చలుగా పడుతున్నాయి. కాసేపటికి, నేను తలుపు దగ్గర ఉన్నానని తెలియక, ఎడమ కాలు కావాలనే ఈడ్చి ఇంకో అడుగు వేశారు. గోడ అవతల మళ్ళీ నీళ్ళు కదిలాయి.